ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది

గరిటెలోంచి జారిన సాంబారు గాలిలోనే ఆగిపోయింది. కింద విస్తరి ముందు కూర్చున్న పెళ్లికొడుకు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, వడ్డించే ఆయన వంగిన నడుం వంగినట్టే ఉంది, గోడ మీది నుంచి దూకుతున్న పిల్లి సగం దారిలో ఉండిపోయింది. టీవీ కామెడీ సీరియల్లో ఆ పొట్టి అల్లుడు ఒక్కడే పంక్తి వెంట తీరికగా నడుస్తూ ఒక్కొక్కరి విస్తరిలోంచి ఒక్కో బూరె ఎత్తుకుని తింటున్నాడు. వాడు చిటికె వేస్తే కాలం ఆగుతుంది, మళ్లీ వేస్తే కదులుతుంది. మా అత్తమ్మ దుర్గమ్మ సోఫాలో కాళ్లు ముడుచుకుని చూస్తోంది. నేను గడపకు ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో, ఊరికి కట్టే చీర కట్టుకుని, చెప్పులు వేసుకోకుండా కూర్చుని ఉన్నాను. గడపకు అవతల వరండా గచ్చు మీద నా సంచి ఉంది. గేటు బయట జాన్ ఆటో ఉంది. గోడ మీది క్యాలెండరు ప్రకారం ఇప్పుడు వర్జ్యం, అది పోవడానికి ఇంకా గంట పైనే పడుతుంది. మిర్యాలగూడ దవాఖానలో నా తమ్ముడు ధర్మేందర్ ఆపరేషన్ గదిలోకి పోకుండా, మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని, నా కోసం కూర్చున్నాడు.

"సూడు, అందరు ఆగిండ్రు గని ఫ్యాన్ ఆగలే," అంది అత్తమ్మ.

నిజమే. ఆగిపోయిన పెళ్లివాళ్ల నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. దాని గాలికి పెళ్లికూతురి తల్లి కొంగు కదులుతోంది, ఆమె చెవి బుట్ట సన్నగా ఊగుతోంది. పాపం ఊపిరి బిగబట్టి నిలబడింది, కనురెప్ప వేయకూడదు కదా, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇది నేను చాలాసార్లు చూశాను, బీరకాయ తరుగుతూ, బియ్యంలో రాళ్లు ఏరుతూ. చూసిన ప్రతిసారీ ఏదో ఒకటి అడగబుద్ధి అవుతుంది. అందరి కాలమూ ఆగితే గాలి కూడా ఆగాలి, మరి వీడు ఏ గాలి పీలుస్తున్నాడు? బూరె వేడిగా ఉందని నోరు ఊదుకుంటున్నాడు, కాలం ఆగితే వేడి ఎట్లా కదిలి వాడి నాలుక దాకా వచ్చింది? వాడు ఇంతసేపు తిరుగుతున్నాడు, తింటున్నాడు, ఆ సేపంతా వాడి గడ్డం పెరగదా? అందరికీ లేని ఆ గంట వాడి వయసులో కలుస్తుందా, కలవదా? ఒకసారి మా ఆయన గోవర్ధన్‌ను అడిగితే, నవ్వమని చూపిస్తే నువ్వు లెక్కలు అడుగుతున్నవ్ అన్నాడు. ఆయన ఇప్పుడు సూర్యాపేట మార్కెట్‌లో ధాన్యం లారీ దగ్గర ఉన్నాడు. ఇందాక ఫోను చేస్తే, పోవాలనిపిస్తే పో, ఆగాలనిపిస్తే ఆగు, నీ ఇష్టం అన్నాడు. ఆ మాట అనకపోయినా బాగుండేది. వద్దంటే ఎదురు చెప్పేదాన్ని, పొమ్మంటే పోయేదాన్ని. నీ ఇష్టం అన్నాక ఇంక ఎటు తిరిగినా గోడ నేనే.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఊరికి పోవాల్సిన రోజు మంచి గడియ దొరకకపోతే, ముందే ఒక మంచి గడియ చూసి, బట్టల సంచిని ఇల్లు దాటించి పక్కవాళ్ల ఇంట్లో పెడతాం. దాన్ని పయనం బయట పెట్టడం అంటారు. సంచి దాటితే మనిషి దాటినట్టే లెక్క. ఆ తర్వాత మూడు రోజుల్లో ఎప్పుడు బయలుదేరినా దోషం ఉండదు, ఎందుకంటే పయనం ముందే మొదలైపోయింది, మనం వెనక నుంచి పోయి కలుస్తున్నాం అంతే. శుక్రవారం తమ్ముడికి గుండె నరంలో స్టెంటు వేస్తామన్నారు, గురువారం పోదామనుకున్నాను, గురువారం మంచిది కాదు. అందుకని నిన్న పొద్దున దీపం పెట్టుకుని, రెండు చీరలు, ఒక దుప్పటి, పెద్దగట్టు లింగమంతుల స్వామి దగ్గర తెచ్చిన పసుపు బండారి పొట్లం సంచిలో పెట్టి పక్కింటి ఆండాళు వాళ్ల ఇంట్లో, వాళ్ల బియ్యం డబ్బా పక్కన ఉంచి వచ్చాను. మంచి గడియను మూటగట్టి దాచుకున్నట్టు అనిపించింది. రాత్రి ధైర్యంగా నిద్రపోయాను.

ఇవాళ పొద్దున మా మరదలు స్వర్ణ ఫోను చేసింది. తెల్లవారుజామున మళ్లీ నొప్పి వచ్చిందట. సూర్యాపేట నుంచి వచ్చే పెద్ద డాక్టరు ఇవాళే వేసేస్తానన్నాడట, మధ్యాహ్నం దాటితే ఆయన వెళ్లిపోతాడట, మళ్లీ రెండు రోజుల దాకా రాడట. నాకు భయం వేయలేదు. వర్జ్యమైనా నాకేం, నా సంచి నిన్ననే బయలుదేరింది కదా అనుకున్నాను. జాన్‌కు చెప్పాను. తల దువ్వుకుని, దేవుడికి దండం పెట్టుకుని, పోతూ పోతూ సంచి తీసుకుందామని చెప్పుల్లో కాలు పెట్టబోతుంటే గేటు చప్పుడైంది. ఆండాళు కోడలు అక్షిత, విజయవాడ వైపు పిల్ల, పెళ్లై ఇంకా పసుపు ఆరలేదు, నా సంచి రెండు చేతులతో మోసుకుని నవ్వుకుంటూ లోపలికి వస్తోంది. వరండాలో పెట్టింది.

"ఆంటీ, బ్యాగ్ మా ఇంట్లో మర్చిపోయారండి. ఆటో వచ్చింది కదా, మీరు కంగారు పడతారని పరిగెత్తుకొచ్చా."

ఆండాళు చిలుకూరు పోయింది, చెప్పేవాళ్లు లేరు. ఆ పిల్లను నేనేమంటాను? చల్లగా ఉండమ్మా అన్నాను. ఆ పిల్ల వెళ్లిపోయింది. నా కాలు చెప్పులోంచి వెనక్కి వచ్చింది. బయలుదేరిన పయనం ఇంటికి తిరిగివచ్చింది. అసలు బయలుదేరకపోవడం కంటే ఇది చెడ్డది, బయలుదేరినది తిరిగి రావడం. పైగా వర్జ్యంలో తిరిగి రావడం. అప్పటి నుంచి ఈ కుర్చీలో ఉన్నాను.

సంచి గేటు దాటి లోపలికి వచ్చింది, గడప దాటలేదు. వచ్చినట్టా, రానట్టా? వరండా ఇల్లేనా? రాత్రి వాన పడితే వరండాలో బట్టలు తడుస్తాయి, అప్పుడు అది బయట. చుట్టాలు వచ్చి వరండాలో కూర్చుంటే ఇంటికి వచ్చారు అంటాం, అప్పుడు అది లోపల. పంతులుగారికి ఫోను చేశాను, స్విచ్ఛాఫ్, ఏ పెళ్లిలో ఉన్నాడో. అత్తమ్మను అడిగితే, గేటు దాటినప్పుడే వచ్చింది అంది, మళ్లీ ఆలోచించి, గడప దాటలేదు కాబట్టి రాలేదు అంది, మళ్లీ టీవీ వైపు తిరిగింది. నేను సంచిని ముట్టుకోవడం లేదు. ముట్టుకుంటే ఏదో ఒకటి తేలిపోతుంది. సంచి కింది నుంచి చీమల బారు పోతోంది. సంచి మీద ఎండ ఇందాక పిడి దాకా ఉండేది, ఇప్పుడు జిప్పు దాకా దిగింది. జాన్ ఆటోలో వెనక సీటు మీద కాళ్లు చాపుకున్నాడు. ఇందాక లోపలికి తొంగి చూసి, మాకు వర్జ్యం గిర్జ్యం లేదక్కా, డీజిల్ ఉంటే సాలు అని నవ్వి పోయాడు. వాడి ఆదివారం ప్రార్థనలకు వాడు ఎండైనా వానైనా పోతాడు, గంటలు చూడడు. వాడి దేవుడికి అన్ని గంటలూ ఒకటేనేమో. నా దేవుడికి కాదా? అడగకూడనిది అడిగినట్టు చెంపలు వేసుకున్నాను.

టీవీలో చిటికె పడింది. సాంబారు విస్తరిలో పడింది, పిల్లి నేల మీద పడింది, బూరె ఏదని పెళ్లికొడుకు పక్కవాడి చొక్కా పట్టుకున్నాడు. నవ్వుల చప్పుడు వేశారు. ఇందాక తమ్ముడు ఫోను చేసినప్పుడు ఇదే చప్పుడు వచ్చింది. బయలెల్లినవా అక్కా అని అడిగాడు. బయలెల్లిన అన్నాను. అబద్ధమా అంటే పూర్తిగా అబద్ధం కాదు, నిన్న సంచి బయలెల్లింది. సరిగ్గా అప్పుడే నా వెనక టీవీలో వందమంది నవ్వారు.

"టీవీ సప్పుడు ఇనవడ్తుందక్కా. నువ్వింట్లనే ఉన్నవ్. వర్జ్యం గద?"

సంచి సంగతి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా పోయేదాన్నేమో.

"ఏం గాదు, వర్జ్యం పోయినంకనే రా. నేను కూసుంట. నువ్వొచ్చి బండారి పెట్టినంకనే లోపలికి పోత."

అంత మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనమే నన్ను ఈ కుర్చీకి కట్టేసింది. నేను వర్జ్యం కోసం ఆగాను, వాడు నా కోసం ఆగాడు, డాక్టరు వాడి కోసం చేతులు కడుక్కుని ఆగాడు, జాన్ ఆగాడు, సంచి ఆగింది. పెళ్లి పంక్తిలో లాగా అందరం ఎక్కడివాళ్లం అక్కడే. నేను చెడ్డ గంటను దాటించి మంచి గంటను తమ్ముడికి తీసుకుపోదామనుకుంటున్నాను. కానీ నేను ఇక్కడ దాటిస్తున్న గంట అక్కడ వాడికి ఖర్చు అవుతోంది. టీవీలో ఆగినవాళ్లకు ఏమీ పోదు. వాళ్లకు తెలియను కూడా తెలియదు, మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మాట్లాడతారు. అట్లా ఆగగలిగితే ఎంత బాగుండు. వర్జ్యం అంటే వదిలిపెట్టినది అని చిన్నప్పుడు బడిలో సారు చెప్పాడు. బియ్యంలో రాయిని ఏరి పారేసినట్టు రోజులోంచి ఆ ముక్కను తీసి పారేస్తాం. మరి పారేసిన ముక్కలో పాలు పొంగుతాయి, కోడి గుడ్డు పెడుతుంది, హుజూర్‌నగర్ బస్సు స్టాండులోకి వచ్చి వెళ్లిపోతుంది. దేవుడి గదిలో పొద్దున పెట్టిన దీపం కూడా వర్జ్యంలోనే వెలుగుతోంది. ఆరిపో అని ఎవరూ దానికి చెప్పలేదు.

మళ్లీ స్వర్ణ ఫోను. ఎత్తాను. ఆ పిల్ల గొంతు తగ్గించి మాట్లాడుతోంది, వాడికి వినపడకూడదని.

"వదినా, డాక్టర్ రెండోపారి వచ్చి పోయిండు. ఈయన పండుకుంటలేడు. అక్క రావాలె, అక్క రావాలె అంటడు. చెమటలు పోస్తున్నయ్. నువ్వన్న జర చెప్పు."

ఏం చెప్పను? నువ్వు పో, నేను తర్వాత వస్తా అని చెప్పవచ్చు. ఇందాక చెప్పాను కూడా. వాడు వినలేదు. నేను ఇంట్లో కూర్చుని నువ్వు పో అంటే ఏం పోతాడు. నేను కదలనిది వాడిని కదలమంటే మాటకు బరువు ఉండదు.

ఎండ జిప్పు కూడా దాటింది. గరిడేపల్లిలో మా తల్లిగారింట్లో ఇదే వేళకు ఎండ ఇట్లాగే గొర్రెల దొడ్డి తడిక మీద నుంచి దిగేది. మా నాయిన గట్టయ్య మందను దూరం మేపుకు తోలే ముందు పయనం బయట పెట్టేవాడు, ఆయనకు సంచి లేదు, గొంగడి ఉండేది. మంచి గడియలో గొంగడిని తీసుకుపోయి ఊరి చివర తుమ్మచెట్టు కొమ్మకు వేసి వచ్చేవాడు. తర్వాత గడ్డినీ వాననూ చూసుకుని ఎప్పుడో మందను తోలేవాడు. ఒక యేడు మా కుక్క ఆ గొంగడిని వాసన పట్టి, నోట కరుచుకుని, ఊరంతా ఈడ్చుకుంటూ తెచ్చి వాకిట్లో పడేసి తోక ఊపింది. మంచి పని చేశాననుకుంది. మా అమ్మ రేణుకమ్మ నెత్తి కొట్టుకుంది, పయనం వెనక్కి వచ్చింది, ఈ యేడు పోవద్దు అంది. గొర్రెలు అప్పటికే దొడ్డిలో అరుస్తున్నాయి, లోపల మేత అయిపోయింది. మా నాయిన గొంగడిని రెండుసార్లు దులిపాడు. "కుక్క గొంగడిని తెచ్చిందే, తొవ్వను తేలే," అన్నాడు, దారి వైపు చూపిస్తూ. భుజాన వేసుకుని, స్వామికి దండం పెట్టుకుని, దొడ్డి తడిక తీశాడు. ఆ యేడు బాగా గడిచిందా అంటే నాకు గుర్తు లేదు. రెండు మూడు గొర్రెలు పోయే ఉంటాయి, ప్రతి యేడూ పోయేవి. అమ్మ చాలా రోజులు ఆయన కోసం ముడుపు కట్టి ఉంచింది. ఆయనకు భక్తి తక్కువేం కాదు. గొర్రెల అరుపు ఎక్కువ వినపడింది, అంతే.

టీవీలో ఇంకో ముక్క మొదలైంది. ఈసారి బస్సులో. పొట్టి అల్లుడు చిటికె వేశాడు, డ్రైవరు ఆగాడు, కండక్టరు టికెట్టు చింపుతూ ఆగాడు, ఒకామె తుమ్మబోతూ ఆగింది. పాపం ఆ తుమ్ము. వాడు దిగి టీ తాగడానికి పోయాడు. అత్తమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటూ ముందుకు వంగింది.

"వాడు మల్ల చిటికేసుడు మర్సిపోతే, వీళ్ల గతేంది పిల్లా?"

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె నా కోసం అనలేదు. నిజంగానే ఆ తుమ్మబోయే ఆమె గురించి పరేషాన్ అవుతోంది. కానీ ఆ మాట వచ్చి నా చీర కుచ్చిళ్ల మీద పడినట్టయింది. ఇంతసేపూ నేను చిటికె వేసినదాన్ని అనుకున్నాను. కాలాన్ని ఆపి, చెడ్డది పోయేదాకా ఆగి, మళ్లీ కదిలిస్తానని. ఎవరు కదిలిస్తారు నన్ను? పంతులు ఫోను కలవదు. మా ఆయన నీ ఇష్టం అన్నాడు. క్యాలెండరు గోడకు ఉంది, అది చిటికె వేయదు. అక్కడ ఒకడు నా చిటికె కోసం కూర్చున్నాడు.

బడి నుంచి నేను ఒక ఆట తెచ్చాను, స్టాచ్యూ. ఎదుటివాడిని స్టాచ్యూ అంటే వాడు ఎట్లా ఉన్నవాడు అట్లాగే ఉండిపోవాలి, మళ్లీ కదులు అనేదాకా. తమ్ముడు అప్పటికి ఇంకా బడికి పోవడం లేదు, నేనేం చెబితే అదే వాడికి బడి. దొడ్డి దగ్గర మేకపిల్లలకు వేయడానికి సుబాబుల్ కొమ్మ భుజాన పెట్టుకుని వస్తున్నాడు. స్టాచ్యూ అన్నాను. ఒక కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. అమ్మ బోరింగు దగ్గర నుంచి కేకేసింది, నీళ్లకు పోయాను. అక్కడ వరుస పెద్దగా ఉంది. బిందె ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి వాడు అక్కడే ఉన్నాడు. ఎత్తిన కాలు మాత్రం నేలకు ఆనించాడు, వేళ్ల మీద. మేకపిల్లలు వాడి భుజం మీది కొమ్మ ఆకంతా తినేశాయి, ఒకటి చొక్కా అంచు నములుతోంది, పెదవి మీద ఈగ ఉంది. వాడి కళ్లు మాత్రం నన్ను చూసి కదిలాయి. కదులు అన్నాను. కొమ్మ పడేసి, చొక్కా గుంజుకుని, ఒకటే నవ్వు. ఎందుకు నిలబడ్డవురా, పోవచ్చు కదా అంటే, నువ్వు అనలే గద అన్నాడు.

వాడు ఇప్పుడూ అట్లాగే కూర్చున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, నలుగురికి చెప్పగలవాడు, గరిడేపల్లిలో పొలం చేస్తున్నవాడు, దవాఖాన గౌను వేసుకుని, మంచం అంచున, కదలకుండా. నువ్వు అనలే గద అక్కా అని. పైకి చూస్తే ఆగినట్టే ఉంటాడు. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది కదా. ఆ గుండె నా గడియల కోసం ఆగదు. కొట్టుకుంటూనే ఉంటుంది, ఆ మూసుకుపోయిన నరంలోంచి తోసుకుంటూనే ఉంటుంది, నేను కూర్చున్న ప్రతి నిమిషమూ. ఆగకపోవడమే వాడి అదృష్టం. ఒకవేళ ఆగితే.

లేచాను. కుర్చీ గచ్చు మీద గీసుకుంది.

దేవుడి గది వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. స్వామీ, ఇది నిన్ను కాదనడం కాదు. నాకు పెద్ద చదువు లేదు, నీ లెక్కలు నాకు తెలియవు. ఈ గంట మంచిది కాదంటారు, అయితే ఈ గంటలోనే నాతో రా, మంచి గంటలో నీ తోడు లేకపోయినా పోగలను. అంత మాట అనవచ్చో లేదో తెలియదు. అనేశాను.

గడప దాటాను. కుడికాలే పెట్టాను, అంత అలవాటు ఎక్కడికి పోతుంది. సంచిని రెండుసార్లు దులిపాను. చీమలు రాలాయి. భుజాన వేసుకున్నాను. వెనక నుంచి అత్తమ్మ అడుగుతుందనుకున్నాను, వర్జ్యం పోయిందా అని. ఆమె టీవీ గొంతు తగ్గించింది.

"పిలగానికి నేను గూడ అడిగిన్నని చెప్పు," అంది.

జాన్ కాళ్లు ముడుచుకుని లేచి కూర్చున్నాడు. హుజూర్‌నగర్ దాకా పోదాం, అక్కడ మిర్యాలగూడ బస్సు ఎక్కుతా అన్నాను. వాడు ఆటో స్టార్టు చేశాడు. గోడ మీది నుంచి అక్షిత చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. ఆ పిల్లకు ఎప్పటికీ ఈ సంగతి చెప్పకూడదు. ఫోను తీసి చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. వింటున్నాడు. ఆటో చప్పుడు వాడిని విననిచ్చాను.

"వర్జ్యం పోలే గదక్కా," అన్నాడు.

"పోలే. నేనే పోతున్న. బండారి నువ్వు బయటికి వచ్చినంక పెడత. నా కోసం కూసోకు."

వాడి ఊపిరి వినపడుతోంది, కొంచెం పొట్టిగా. ఆటో సందు మలుపు తిరిగి పెద్ద రోడ్డు ఎక్కింది. గాలి కొంగును లాగింది.

"తమ్మీ," అన్నాను. "కదులు."

అవతల ఒక చిన్న నవ్వు వచ్చింది, ఎన్నో యేళ్ల కింద కొమ్మ పడేసినప్పటిది. మంచం కిర్రుమంది, వాడు పడుకున్నట్టున్నాడు. ఫోను ఎవరి చేతికో మారింది, స్వర్ణ కావచ్చు, పెట్టేయడం మరిచిపోయింది. నేనూ పెట్టలేదు. చెవికి ఆనించుకుని అట్లాగే కూర్చున్నాను. గచ్చు మీద ఇనుప చక్రాలు దొర్లుతున్న చప్పుడు, ముందు దగ్గరగా, తర్వాత దూరంగా, తర్వాత ఒక తలుపు. ఇవతల హుజూర్‌నగర్ రోడ్డు మీద మా ఆటో చక్రాలు.